డెంటల్ ల్యాబుకు కంప్యూటర్ కొనే ముందు

వ్యాఖ్యాత: నమస్కారం. పన్ను తొడుగులు, బ్రిడ్జిలు తయారుచేసే ల్యాబులవారు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: డిజైన్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాము, ఏ కంప్యూటర్ కొనాలి? జవాబు చెప్పడానికి విజయవాడలో చాలాకాలంగా ల్యాబ్ నడుపుతున్న మా మాస్టారిని పిలిచాను. మైనంతో పన్ను ఆకారం చెక్కడం నాకు నేర్పింది ఆయనే. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా. కంప్యూటర్ కంటే ముందు ఒక స్టాప్‌వాచ్ కావాలని చెబుతాను. అది ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఖర్చు లేదు. డిజైన్ చేసే కుర్రవాడి పక్కన ఒక పూట కూర్చుని, అతను మౌస్ వదిలి తెర వైపు ఊరికే చూస్తూ కూర్చునే క్షణాలన్నీ రాసుకోవాలి. కేసు తెరుచుకునేటప్పుడు ఆగుతున్నాడా, దవడ నమూనాను తిప్పేటప్పుడు బొమ్మ తడబడుతోందా, మార్జిన్ గీత, అంటే తొడుగు అంచు పంటిపై ఆగే గీత, గీశాక ఆగుతున్నాడా, లేక తొడుగును చెక్కే మిల్లింగ్ మెషిన్‌కు, దాని పనిముట్టు కదిలే దారి లెక్క కట్టేటప్పుడు ఆగుతున్నాడా అన్నది తేలితే, డబ్బు ఏ భాగం మీద పెట్టాలో అదే చెబుతుంది. ఈ నాలుగింటికీ కారణం ఒకటి కాదు.

వ్యాఖ్యాత: చాలామంది మాత్రం నేరుగా దుకాణానికి వెళ్లి, గేమింగ్ కంప్యూటర్ ఇవ్వండి అంటున్నారు.

మాస్టారు: అది పూర్తిగా తప్పేమీ కాదు, సగం ఒప్పే. ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో సెరెక్ యంత్రంతో మొదటి పూరకాన్ని తయారుచేసినప్పుడు కెమెరా, కంప్యూటర్, చెక్కే భాగం అన్నీ ఒకే పెట్టెలో వచ్చేవి. లోపల ఏముందో కొన్నవాడు అడగవలసిన పని లేదు. తరువాత స్కానర్ ఒకరిది, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది, మిల్లింగ్ మెషిన్ మరొకరిది అయ్యాయి. 2010లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో, ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థ నుంచి విడివడి ఎక్సోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థ వచ్చింది. కోపెన్‌హాగన్‌లో స్కానర్లు, సాఫ్ట్‌వేర్ చేసే త్రీషేప్ అంతకు పదేళ్ల ముందే మొదలైంది. ఆ స్వేచ్ఛతోపాటే కంప్యూటర్ ఎంచుకునే బాధ్యత కూడా మన నెత్తిన పడింది.

వ్యాఖ్యాత: అయితే గ్రాఫిక్స్ కార్డుతోనే మొదలుపెడదామా?

మాస్టారు: ముందు ప్రాసెసర్ చూద్దాం, ఎక్కువమంది పొరపడేది అక్కడే. దుకాణంలో కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు, ఎన్ని అన్నదే పెద్ద అక్షరాలతో రాస్తారు. కానీ క్రౌన్‌ను, అంటే పన్ను తొడుగును, పక్కపళ్ల మధ్య కూర్చోబెట్టడం, కింది పన్నుతో తగిలే చోట తగ్గించడం, లోపలి వైపు సిమెంటుకు ఖాళీ వదలడం వంటివి చాలావరకు ఒకదాని ఫలితం వచ్చాకే రెండోది మొదలయ్యే లెక్కలు. ఇడ్లీ పాత్ర చుట్టూ పదిమంది నిలబడినా ఆవిరి పట్టే సమయం తగ్గదు కదా! అక్కడ ఉపయోగపడేది ఒక్క కోర్ వేగమే. అదే మిల్లింగ్‌కు దారులు లెక్కకట్టే క్యామ్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తే, జిర్కోనియా అనే గట్టి పింగాణీ పదార్థపు డిస్కు ఒక్కదానిలో ఇరవై యూనిట్లు, అంటే ఇరవై పళ్లు, సర్దామనుకోండి, ఆ లెక్కను కోర్ల మధ్య పంచుకునే వీలుంటుంది. అంటే డిజైన్ చేసే కంప్యూటర్‌కూ క్యామ్ కంప్యూటర్‌కూ కావలసిన ప్రాసెసర్లు వేరువేరు.

వ్యాఖ్యాత: రెండు పనులూ ఒకే కంప్యూటర్‌లో చేస్తున్న ల్యాబులే ఎక్కువ, మా ల్యాబుతో సహా.

మాస్టారు: నేనూ అలాగే చేసి ఒకసారి దెబ్బతిన్నాను. మా మెషిన్ పని చేస్తున్నంతసేపూ కంప్యూటర్ నుంచి దారి వివరాలు అందుతూ ఉండాలి. పద్నాలుగు యూనిట్ల డిస్కు పెట్టి రాత్రి ఇంటికి వెళ్లాను. తెల్లవారేసరికి ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తానే అప్‌డేట్ వేసుకుని మళ్లీ మొదలై కూర్చుంది, మెషిన్ మధ్యలో ఆగిపోయింది. అప్‌డేట్ సమయాన్ని నేను సరిచేసి పెట్టకపోవడమే తప్పు. అసలు జిర్కోనియాను మనం చివరి కొలత కంటే ఇరవై శాతానికి పైగా పెద్దదిగా చెక్కుతాం, ఫర్నేస్‌లో సుమారు 1,500 డిగ్రీల దగ్గర అది కుంచించుకుని సరైన కొలతకు వస్తుంది. సగం చెక్కిన ముక్కలను ఆ పెద్ద రూపంలోనే చేతిలో పట్టుకుని చూస్తే, ఏనుగు పళ్లలా కనిపించి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పటి నుంచి మిల్లింగ్‌కు ఒక కంప్యూటర్ విడిగా కేటాయించాను. అది కొత్తది కానక్కర్లేదు. డిజైనర్ వాడి వదిలేసిన పాతదాన్ని మిల్లింగ్ గదికి పంపి, కొత్తది డిజైనర్‌కు ఇస్తే చాలు.

వ్యాఖ్యాత: పాతదంటే గుర్తొచ్చింది. వాడిన కంప్యూటర్లు చౌకగా వస్తున్నాయని కొంటున్నారు కదా?

మాస్టారు: కొనవచ్చు, కానీ ఇంటెల్ పదమూడు, పద్నాలుగో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లయితే ఒక మాట. కొన్ని రకాలకు వోల్టేజీ ఎక్కువగా అంది, కాలం గడిచేకొద్దీ అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని, సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పెంచింది. అమ్మేవారు బయోస్, అంటే మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ వేశారో లేదో అడగండి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. వర్క్‌స్టేషన్ కార్డే కావాలా, గేమింగ్ కార్డు చాలా?

మాస్టారు: మన పనికి మంచి గేమింగ్ కార్డు చాలు. వర్క్‌స్టేషన్ కార్డుల ధరలో పెద్ద భాగం ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లకు ధ్రువీకరించిన డ్రైవర్లకూ, తప్పులు దిద్దుకునే మెమరీకీ పోతుంది. పంటి డిజైన్‌లో ఆ డబ్బుకు తగిన తేడా నేను చూడలేదు. చూడవలసింది కార్డుపై ఉండే మెమరీ. క్రౌన్లు, బ్రిడ్జిలకే పరిమితమైన ల్యాబుకు 8 జీబీ సరిపోతుంది. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు, ప్లానింగ్ చేస్తే మాత్రం లెక్క మారుతుంది.

వ్యాఖ్యాత: ఎందుకు మారుతుంది?

మాస్టారు: కొంచెం అంకెలు వేద్దాం. స్కాన్ ఉపరితలాన్ని త్రిభుజాలుగా దాచే ఎస్‌టీఎల్ ఫైలులో సాధారణంగా ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు పడతాయి. ఒక దవడ స్కానులో ఐదు లక్షల త్రిభుజాలున్నాయనుకుంటే అది 25 ఎంబీ. పై దవడ, కింది దవడ, కరిచిన భంగిమ, చికిత్సకు ముందు స్కాన్ అన్నీ కలిపినా వంద ఎంబీ దాటదు. కానీ సీబీసీటీ, అంటే దవడ ఎముకను త్రీడీలో చూపే ఎక్స్‌రే స్కాన్, ఉపరితలం కాదు, లోపలంతా నిండిన ఘనం. ప్రతి వైపూ 512 బిందువులున్న స్కానులో పదమూడు కోట్లకు పైగా చిన్న ఘనాలుంటాయి, ఒక్కోదానికి రెండు బైట్లు వేసినా 256 ఎంబీ. సన్నని కొలతతో తీసిన స్కాన్ దీనికి మూడు రెట్లు ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ దాన్ని తెరపై చూపించడానికీ, ఎముకను వేరుచేయడానికీ వేరువేరు ప్రతులు పెట్టుకుంటే ర్యామ్ మీదా కార్డు మీదా భారం పడుతుంది. అందుకే ఇంప్లాంట్ కేసులు వచ్చేచోట 32 జీబీ ర్యామ్, 12 జీబీ కార్డు తీసుకోమంటాను. ర్యామ్‌ను ఒకే కర్రగా కాకుండా రెండు కర్రలుగా వేయించుకోండి. ఒకటే వేస్తే మెమరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటి ఖాళీగా ఉండిపోతుంది.

వ్యాఖ్యాత: ఇన్ని చూసి కొన్నా నెమ్మదిగా ఉందనేవారు ఉన్నారు మాస్టారూ.

మాస్టారు: ఉంటారు. గుంటూరులో తెలిసినవారి ల్యాబుకు వెళ్లాను. కొత్త కంప్యూటర్, ఖరీదైన కార్డు; అయినా దవడను తిప్పితే బొమ్మ ముక్కలుముక్కలుగా కదులుతోంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తొంభై శాతం పనిచేస్తోంది, కార్డు సున్నా దగ్గర ఊరుకుంది. కంప్యూటర్‌ను వెనక్కి తిప్పి చూశాను. మానిటర్ కేబుల్‌ను పైన మదర్‌బోర్డుకు ఉన్న రంధ్రంలో పెట్టారు, కింద కార్డుకున్న రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు కూడా తీయలేదు. కేబుల్‌ను నాలుగు అంగుళాలు కిందికి మార్చేసరికి సమస్య తీరింది. టీ ఇప్పించారు, అదే నా ఫీజు.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) ల్యాప్‌టాప్‌లో ఆ కేబుల్ గొడవ ఉండదు కదా.

మాస్టారు: కేబుల్ లేకపోయినా గొడవ ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌నే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫలానా సాఫ్ట్‌వేర్ పెద్ద కార్డుతోనే నడవాలని మనమే చెప్పాలి. ఇంకొకటి, పేరు చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 4060 అన్న పేరుతోనే ల్యాప్‌టాప్‌లో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా అనుమతించిన రకాలు ఉన్నాయి. పలుచని ల్యాప్‌టాప్‌లో అదే పేరున్న కార్డు సగం వేగంతో నడిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కొనేటప్పుడు వాట్లు ఎన్ని అని అడగండి. నోటిలో పెట్టి స్కాన్ చేసే స్కానర్‌కు ల్యాప్‌టాప్ కావాలంటే మాత్రం నా మాట కూడా వినవద్దు, ఆ స్కానర్ తయారీదారు ఇచ్చిన అవసరాల పట్టికలో ఉన్నదే కొనండి. ఏమైనా తేడా వస్తే వారు మొదట అడిగేది అదే.

వ్యాఖ్యాత: మ్యాక్ వాడవచ్చా అని ఒకరు అడిగారు.

మాస్టారు: మన సాఫ్ట్‌వేర్లలో ప్రధానమైనవి విండోస్ కోసం రాసినవి. ఇప్పుడు కొత్తగా వస్తున్న ఆర్మ్ ప్రాసెసర్ల విండోస్ ల్యాప్‌టాప్‌లతో కూడా జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ ఎలాగో నడిచినా, డాంగిల్‌కూ, అంటే లైసెన్సు కోసం తగిలించే యూఎస్‌బీ ముక్కకూ, స్కానర్‌కూ కావలసిన డ్రైవర్లు ఆ ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి.

వ్యాఖ్యాత: నిల్వ సంగతి?

మాస్టారు: ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అనే వేగవంతమైన డిస్కు ఒక టీబీ వేసుకుని, పూర్తయిన కేసులను వారానికోసారి వేరే డిస్కులోకి మార్చుకుంటే చాలు. దాని గురించి ఇంతకంటే మాట్లాడనక్కర్లేదు. దుమ్ము గురించి మాట్లాడాలి. మా ల్యాబులోనే ఒక కంప్యూటర్ ఉదయం చురుకుగా ఉండి మధ్యాహ్నానికి మందగించేది. పక్క రేకు విప్పి చూస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు ముగ్గుపిండి చల్లినట్టు తెల్లని పొర ఉంది. ప్లాస్టర్ కలిపే బల్ల రెండు గజాల దూరంలోనే ఉంది మరి. కృష్ణా తీరపు తేమ తగిలి ఆ పొడి అక్కడక్కడా గట్టిపడింది కూడా. బ్రష్‌తో రాలేదు, పుల్లతో గీకవలసి వచ్చింది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే ఇంకా త్వరగా తగ్గిస్తుంది. ఆ రోజు నేను కొత్త ప్రాసెసర్ కోసం ధర కనుక్కుంటున్నాను కూడా!

వ్యాఖ్యాత: చివరిగా కరెంటు. ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అంటారు చాలామంది.

మాస్టారు: ఇళ్లలో వాడే ఇన్వర్టర్ కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి ఒక క్షణంలో చిన్న భాగం తీసుకుంటుంది. ఫ్యానుకు అది తెలియదు, కంప్యూటర్‌కు ఒక్కోసారి తెలుస్తుంది. మిల్లింగ్ మెషిన్‌కూ దాని కంప్యూటర్‌కూ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి, అందులో ఆ మార్పిడి వ్యవధే ఉండదు. జిర్కోనియా ఫర్నేస్‌ను మాత్రం ఆ లైను మీద వేయవద్దు, దానికి మీటరు నుంచి విడిగా తీగ లాగించాలి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మీటర్ తీసి న్యూట్రల్‌కూ ఎర్తింగ్‌కూ మధ్య వోల్టేజీ కొలవమనండి, రెండు మూడు వోల్టులకు మించి ఉంటే ఎర్తింగ్ గొయ్యి చూసుకోవాలి. లక్షల రూపాయల స్కానర్ మధ్యమధ్య కనెక్షన్ వదిలేస్తోందని సాఫ్ట్‌వేర్ వారికి పదేపదే ఫోన్ చేసిన ఒక ల్యాబులో, చివరికి గొయ్యిలో రెండు బకెట్ల నీళ్లు పోస్తే సరిపోయింది.

వ్యాఖ్యాత: డాంగిల్ గురించి ఒక్క మాట చెప్పి ముగించండి మాస్టారూ.

మాస్టారు: డాంగిల్ పోతే లైసెన్సు పోయినట్టే అనుకుని దాచుకోవాలి. ముందువైపు రంధ్రంలో పెడితే ఊడ్చే చీపురు తగిలి విరుగుతుంది, అది నా అనుభవమే. వెనకవైపు పెట్టండి. స్కానర్‌ను కూడా హబ్‌కు కాకుండా వెనకనున్న యూఎస్‌బీ 3 రంధ్రానికే నేరుగా తగిలించండి. ఇంతకీ నువ్వు మీ ల్యాబు కంప్యూటర్ వెనక్కి తిప్పి చూశావా అమ్మా?

వ్యాఖ్యాత: ఈ రికార్డింగ్ అవగానే చూస్తాను మాస్టారూ. మూతలు తీశామో లేదో నాకు ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.