జనవరి 5న మనం వేయాల్సిన ఓటు

(2020 డిసెంబరు 19, శనివారం. జార్జియా, ఫోర్సైత్ కౌంటీలో తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో మాస్కులు పెట్టుకుని, దూరం దూరంగా నిలబడి వినడానికి వచ్చిన అక్కలకి, అన్నయ్యలకి, ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళకి పేరుపేరునా దండాలు.

మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు. ఉగాదికైనా దీపావళికైనా స్టేజీ వెనక భోజనాల దగ్గరే నేను మీకు కనిపించేది. జనవరి 5న మన సెనేట్ సీటుకి రన్‌ఆఫ్ జరుగుతోంది, అంటే నవంబరులో ఎవరూ సగం ఓట్లు దాటలేదు కాబట్టి మళ్ళీ పెట్టే ఎన్నిక. ఇప్పుడున్న రిపబ్లికన్ సెనేటర్ డేవిడ్ పెర్డ్యూ మీద డెమొక్రాట్ జాన్ ఓసాఫ్ నిలబడ్డారు. దాని గురించి ఈ రోజు మాట్లాడతానని నా అంతట నేనే అడిగాను. ఎందుకో చెప్తాను.

2017 సెప్టెంబరులో మా అమ్మ అట్లాంటా ఎయిర్‌పోర్టులో దిగింది. అంతకు రెండేళ్ళ ముందు నాన్న పోయారు. ఖమ్మంలో ఇంట్లో ఒక్కతే ఉండేది. రాత్రి గేటుకి తాళం వేశావా అని నేను ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి అడిగేదాన్ని. నాకు సిటిజన్‌షిప్ రాగానే అమ్మ కోసం పిటిషన్ వేశాను. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక అమ్మ చేతికి ఒక సీలు వేసిన కవరు ఇచ్చారు. దీన్ని విప్పకూడదు, అమెరికాలో దిగాక ఆఫీసరుకే ఇవ్వాలి అని చెప్పారు. ఆ కవరు ఎక్కడ నలుగుతుందో అని అమ్మ దాన్ని బ్యాగులో పెట్టలేదు. ఖమ్మం నుంచి ఇక్కడ దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టులో నేను చూసేసరికి రెండు చేతుల్తో ఖాళీ హ్యాండ్‌బ్యాగుని అలాగే పట్టుకుని ఉంది. కవరు ఆఫీసరుకి ఇచ్చేసిందట, చేతులకి మాత్రం ఆ అలవాటు పోలేదు.

అమ్మ దిగడానికి సరిగ్గా నెల ముందు, ఆగస్టు 2న, వైట్‌హౌస్‌లో ఒక బిల్లు ప్రకటించారు. ప్రెసిడెంట్ ట్రంప్ పక్కన ఇద్దరు సెనేటర్లు నిలబడ్డారు. ఒకరు ఆర్కన్సాకి చెందిన టామ్ కాటన్. రెండోవారు మన సెనేటర్, డేవిడ్ పెర్డ్యూ. ఆ బిల్లు పేరు రైజ్ యాక్ట్. అక్రమంగా వచ్చినవాళ్ళ గురించిన బిల్లు కాదది. చట్టప్రకారం లైన్లో నిలబడి, ఫీజులు కట్టి, వేలిముద్రలు ఇచ్చి వచ్చేవాళ్ళ సంఖ్యని పదేళ్ళలో సగానికి తగ్గించే బిల్లు.

అందులో ఏముందో మీలో చాలామందికి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు. సిటిజన్ అయిన కొడుకో కూతురో తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డ్ తెప్పించే హక్కుని ఆ బిల్లు తీసేస్తుంది. దాని బదులు తాత్కాలిక వీసా ఇస్తారు. గడువు అయిపోయినప్పుడల్లా రెన్యూ చేయించుకోవాలి. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ప్రభుత్వం నుంచి ఏ సాయమూ అందదు. అంటే అరవై ఏళ్ళు దాటిన మా అమ్మ సొంత కూతురి ఇంట్లో చుట్టపుచూపుగా ఉండాలన్నమాట. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి వేసే పిటిషన్ ఇక ఉండదు. ఇప్పటికే ఆ లైను పదిహేనేళ్ళు. దాన్ని తగ్గించే దారి వెతకలేదు, లైనే ఎత్తేస్తామన్నారు. పెళ్ళయిన పిల్లలకీ, పెద్దయిన పిల్లలకీ కూడా దారి మూసేస్తామన్నారు.

ఆ బిల్లు పాసవ్వలేదు, సెనేట్‌లో దాని మీద ఓటింగే జరగలేదు. కాబట్టే మా అమ్మ ఈ రోజు ఇక్కడ, మీ మధ్య, శాలువా కప్పుకుని కూర్చుంది. పాసవ్వలేదు కదా, ఇంకెందుకు అని ఒక అన్నయ్య నన్ను అడిగారు. పెర్డ్యూ గారు ఎవరో తెచ్చిన బిల్లుకి పార్టీ చెప్పింది కదా అని చెయ్యెత్తలేదు. కాటన్‌తో కలిసి తనే రాసి, తన పేరు పెట్టి, జార్జియా ప్రజల తరఫున ముందుకి తెచ్చారు. అలాంటాయనకి ఇంకో ఆరేళ్ళు ఇవ్వమని ఇప్పుడు మనల్ని అడుగుతున్నారు.

ఇక గ్రీన్‌కార్డ్ లైను సంగతి. ఏడాదికి 1,40,000 ఉద్యోగ గ్రీన్‌కార్డులు, ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న లెక్క మనందరికీ నోటికొచ్చు. మన ఇళ్ళల్లో పసిపిల్లలుగా వచ్చినవాళ్ళు ఇరవై ఒకటి నిండి తల్లిదండ్రుల ఫైల్లోంచి పడిపోతున్నారు. ఈ 7 శాతం లెక్క తీసేసే బిల్లు 2019 జులైలో హౌస్‌లో, అంటే ప్రతినిధుల సభలో, 365-65 ఓట్లతో పాసయింది. రెండు పార్టీలవాళ్ళూ వేశారు. సెనేట్‌లో ఏకగ్రీవంగా పాస్ చేయిద్దామని సెప్టెంబరులో ప్రయత్నిస్తే అభ్యంతరం చెప్పింది పెర్డ్యూ గారే. ఆయన అడ్డు తొలగాక డెమొక్రాట్ సెనేటర్ డిక్ డర్బిన్ కూడా దాన్ని ఆపారు. ఈ నెల 2న సెనేట్ ఎట్టకేలకు తన రూపంలో ఒక బిల్లు పాస్ చేసింది, కానీ అదీ హౌస్ బిల్లూ ఒకటి కావు. ఇదంతా దాచకుండా చెప్తున్నాను, ఎందుకంటే ఒక పార్టీలో అందరూ దేవుళ్ళు, ఇంకో పార్టీలో అందరూ చెడ్డవాళ్ళు అని చెప్పి మీ ఓటు అడగడం నాకు ఇష్టం లేదు. ఓసాఫ్ గెలిస్తే మర్నాడే లైను కదులుతుందని కూడా చెప్పను. మన ఫైలు దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టే మనిషి జార్జియా నుంచి ఉండకూడదు. నేను అడుగుతున్నది అంతవరకే.

ఇంకో సంగతి ఉంది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు వణికితే ఏమీ అనుకోకండి.

అక్టోబరు 16న మేకన్‌లో ట్రంప్ సభ జరిగింది. పెర్డ్యూ గారు మైకు తీసుకుని కమలా హ్యారిస్ పేరుని రకరకాలుగా వంకరతిప్పి, కమల-మల-మల అని, ఏమో నాకు తెలియదు, ఏదైతే ఏంటి అన్నారు. జనం నవ్వారు. పొరపాటున తప్పు పలికారని తర్వాత ఆయన మనుషులు చెప్పారు. ఆవిడ 2017 నుంచి ఆయనతోపాటు సెనేటర్. ఇద్దరూ బడ్జెట్ కమిటీలో కలిసి కూర్చున్నవాళ్ళు. కమల. మూడు అక్షరాలు. మన అమ్మమ్మల తరంలో వీధికొక కమల ఉండేది.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కొత్త టీచరు హాజరు పిలిచేటప్పుడు వరసగా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగుతారట. ఆ ఆగడం వినగానే తన పేరు వచ్చిందని దానికి తెలిసిపోతుందట. వాళ్ళు పలక్కముందే చెయ్యెత్తేసి, హియర్ అనేస్తుందట. మూడో క్లాసు నుంచీ ఇంతేనమ్మా అని చెప్పింది. ఆ వీడియో చూసినప్పుడు ఇంట్లో అది నా పక్కనే ఉంది. పాపం ఏమీ అనలేదు. లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. టీచర్లు ఆగేది తెలియక. నేర్పిస్తే నేర్చుకుంటారు, సారీ చెప్తారు. నాలుగేళ్ళు పక్కన పనిచేసిన మనిషి పేరుని జనాన్ని నవ్వించడానికి వాడుకోవడం వేరు. ఆవిడ పార్టీ మీకు నచ్చకపోవచ్చు, కాశ్మీర్ మీద ఆవిడ మాటలు మీకు కోపం తెప్పించి ఉండొచ్చు. అయినా ఆ నవ్వు ఆవిడ ఒక్కదానికే తగల్లేదు.

పోటీ చేస్తున్న జాన్ ఓసాఫ్‌కి 33 ఏళ్ళు. అవినీతి మీద డాక్యుమెంటరీలు తీసే కంపెనీ నడుపుతారు. వాళ్ళమ్మ ఆస్ట్రేలియా నుంచి వలస వచ్చినావిడ. 2017లో ఆరో డిస్ట్రిక్ట్‌లో నిలబడి ఓడిపోయారు. జాన్స్ క్రీక్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు మన తలుపులు కూడా తట్టారు. అనుభవం లేదు కదా అంటారు. నిజమే, ఇంతవరకు ఏ పదవిలోనూ లేరు. కానీ ఈ నెల 6న డిబేట్‌కి వచ్చి నిలబడింది ఆయన. పెర్డ్యూ గారు రాలేదు. ఖాళీ పోడియం పక్కన నిలబడి ఓసాఫ్ ప్రశ్నలకి జవాబిచ్చారు. ఇంటర్వ్యూకి రాని మనిషికి మనలో ఎవరైనా ఉద్యోగం ఇస్తారా? ఒక్క టర్మ్‌లో పెర్డ్యూ గారి పేరు మీద 2,596 షేర్ల లావాదేవీలు జరిగాయని న్యూయార్క్ టైమ్స్ ఈ నెలలోనే లెక్కేసి రాసింది. అవి తన సలహాదారులు చేశారని ఆయన అంటున్నారు, ఆయన మీద ఏ కేసూ పెట్టలేదు. కాబట్టి నేను దొంగ అనే మాట అనను. ఆ ప్రశ్నకి మన ముందు నిలబడి జవాబు చెప్పే చోటు ఆ డిబేటే, అక్కడికి ఆయన రాలేదు అని మాత్రం అంటాను.

ఆరోగ్యం విషయం కూడా ఒక్క మాట. ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టంలో ముఖ్యమైన భాగాల్ని ఎత్తేయడానికి 2017 జులైలో పెట్టిన బిల్లుకి పెర్డ్యూ గారు ఓటేశారు. 49-51తో అది పోయింది. ప్రాజెక్ట్ అయిపోయి ఇన్సూరెన్స్ కూడా పోయిన నెలలు మనలో ఎంతమంది చూశారో నాకు తెలుసు. షుగర్, బీపీ లేని తెలుగు ఇల్లు ఉందా?

ఇప్పుడు లెక్కలకి వద్దాం. నవంబరులో పెర్డ్యూ గారికి 49.7 శాతం వచ్చింది, ఓసాఫ్‌కి దాదాపు 48. తేడా సుమారు 88,000 ఓట్లు. జార్జియా చట్టం ప్రకారం సగం దాటాలి. ఆయన దాటలేదు కాబట్టే ఈ రన్‌ఆఫ్. మొదటి రౌండ్‌లో ముందున్నవాళ్ళే గెలుస్తారని ఎక్కడా రాసిలేదు. 1992లో ఇదే జార్జియాలో సెనేటర్ వైచ్ ఫౌలర్ నవంబరు మొదట్లో ముందున్నారు, మూడు వారాల తర్వాత రన్‌ఆఫ్‌లో ఓడిపోయారు. 2008లో ఇంకోలా జరిగింది. సాక్స్‌బీ చాంబ్లిస్‌కి నవంబరులో 49.8 శాతం వచ్చింది, రన్‌ఆఫ్‌లో 57కి పోయింది. మధ్యలో జనం మనసు మార్చుకోలేదు. మొదటిసారి వచ్చినవాళ్ళు రెండోసారి రాలేదు, అంతే. రన్‌ఆఫ్ అంటే ఎవరి మనుషులు మళ్ళీ బయటికొస్తారన్నదే.

ఫోర్సైత్ ఎప్పుడూ రిపబ్లికన్లదే, ఇక్కడ మన ఓటు వృథా అని చాలామంది అంటున్నారు. ఇది కౌంటీ ఎన్నిక కాదండీ. రాష్ట్రం మొత్తం ఒక్క డబ్బా. అట్లాంటాలో పడ్డ ఓటుకీ, కమ్మింగ్‌లో పడ్డ ఓటుకీ విలువ ఒక్కటే. నవంబరులో బైడెన్ ఈ రాష్ట్రాన్ని గెలిచింది 11,779 ఓట్లతో. ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, సువానీ, కమ్మింగ్ చుట్టూ తెలుగువాళ్ళం ఎన్ని ఇళ్ళల్లో ఉన్నామో మీరే ఆలోచించండి.

ఈ కౌంటీ గురించి ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 1912లో ఇక్కణ్ణుంచి వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని ఇళ్ళూ పొలాలూ వదిలేసి పోయేలా తరిమేశారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ కొద్దిమందితో ఇక్కడ మార్చ్ చేస్తే రాళ్ళు, సీసాలు విసిరారు. సరిగ్గా వారం తర్వాత దాదాపు 20,000 మంది వచ్చి నడిచారు. ఆ రోడ్ల పక్కనే ఇప్పుడు మన సబ్‌డివిజన్లు ఉన్నాయి. మనల్ని ఈ దేశంలోకి రానిచ్చిన 1965 ఇమిగ్రేషన్ చట్టం కూడా వాళ్ళ పౌరహక్కుల పోరాటం నడిచిన రోజుల్లోనే వచ్చింది. వాళ్ళ చెమట మీద వచ్చి కూర్చున్నవాళ్ళం మనం. మనకెందుకీ రాజకీయాలు అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మన పక్కనే ఓటు లేనివాళ్ళు ఎంతమందో చూడండి. హెచ్‌-1బి మీద పన్నెండేళ్ళుగా టాక్సులు కడుతున్న తమ్ముడున్నాడు. ప్రాణం పెట్టి చదివి కూడా పనిచేసే పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న చెల్లెళ్ళున్నారు. గ్రీన్‌కార్డ్ ఉన్నా ఓటు లేని అమ్మలున్నారు. వాళ్ళ గురించి వాషింగ్టన్‌లో నిర్ణయాలు తీసుకునే మనిషిని ఎన్నుకునే కాగితం మన చేతిలో ఉంది, వాళ్ళ చేతిలో లేదు.

బ్యాలెట్ మీద ఇంకో సెనేట్ పోటీ కూడా ఉంది, డెమొక్రాట్ రఫాయెల్ వార్నాక్‌కీ రిపబ్లికన్ సెనేటర్ కెల్లీ లోఫ్లర్‌కీ మధ్య. ఈ రెండు సీట్లు కాకుండా కొత్త సెనేట్‌లో రిపబ్లికన్లు 50, డెమొక్రాట్లు 48. ఈ రెండూ డెమొక్రాట్లకి వస్తేనే 50-50 అవుతుంది, అప్పుడు వైస్ ప్రెసిడెంట్ ఓటు తీరుస్తుంది. కాబట్టి ఒకదానికి వేసి రెండోది వదిలేయకండి.

ముందస్తు ఓటింగ్ సోమవారం నుంచీ నడుస్తోంది. ఐడీ పట్టుకెళ్ళండి. బ్యాలెట్ ఇంటికి తెప్పించుకున్నవాళ్ళు కవరు మీద సంతకం పెట్టడం మర్చిపోవద్దు, జనవరి 5 సాయంత్రం 7 గంటల లోపు అది వాళ్ళకి చేరాలి. పోస్టు మీద నమ్మకం లేకపోతే డ్రాప్ బాక్సులో వేయండి. నవంబరు తర్వాత పద్దెనిమిది నిండి, ఈ నెల 7 లోపు నమోదు చేయించుకున్న పిల్లలుంటే వాళ్ళని మీతో తీసుకెళ్ళండి, అది వాళ్ళ మొదటి ఓటు.

నేను ఎల్లుండి సోమవారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరుతున్నాను. బండిలో ఇంకా ముగ్గురికి చోటుంది, కారు లేనివాళ్ళు, డ్రైవింగ్ రానివాళ్ళు ఇందాక గేటు దగ్గర పెట్టిన కాగితం మీద పేరు రాయండి. ముందు సీటు మాత్రం అమ్మది. తనకి ఓటు లేదు, లైన్లో నిలబడాల్సిన పనీ లేదు. అయినా వస్తానంది, నేను బయటికొచ్చేదాకా కార్లో కూర్చుంటానంది.