పెద్దాయన చివరి యాత్ర

శ్రోతలందరికీ నమస్కారం.

1968 నవంబరు 3, ఆదివారం. గ్రీసు రాజధాని ఏథెన్సులో ఒక శవయాత్ర సాగింది. దేశం సైనికాధికారుల గుప్పిట్లో ఉండి, నలుగురు గుమిగూడడానికే జంకే రోజులవి. అయినా లక్షలాది జనం వీధుల్లోకి వచ్చి, శవపేటిక వెంట నడుస్తూ, “లేచి మమ్మల్ని చూడు, పెద్దాయనా!” అని గొంతెత్తి పిలిచారు. ఆ పెద్దాయన మాజీ ప్రధాని జార్జ్ పపాండ్రూ.

అదే నగరంలో, ఇరవై నాలుగేళ్ల ముందటి మరో ఆదివారాన్ని గుర్తు చేసుకుంటే తప్ప ఆ పిలుపులోని బరువు మనకు తెలియదు. 1944 అక్టోబరులో జర్మన్ సేనలు వెళ్లిపోగానే, ప్రవాస ప్రభుత్వ ప్రధానిగా తిరిగివచ్చిన పపాండ్రూ అక్రోపోలిస్ కొండ మీద జాతీయ జెండా ఎగురవేశారు. జర్మన్లతో పోరాడిన వామపక్ష గెరిల్లాలు ఆయుధాలు అప్పగించాలన్న దగ్గర తగవు ముదిరింది. డిసెంబరు 3, ఆదివారం నాటి వారి ప్రదర్శనకు ప్రభుత్వం మొదట అనుమతి ఇచ్చి, ఆపైన రద్దు చేసింది. అయినా సింటాగ్మా కూడలికి చేరిన జనం మీద పోలీసులు తుపాకులు పేల్చారు. ఆదేశం ఎవరిదన్న వాదన ఎటు తేలినా, ఆ నెత్తురుకు ప్రధానిగా ఆయన జవాబుదారీయే అని నేను నమ్ముతాను. బ్రిటిష్ సేనలు సైతం దిగిన ఆ వీధిపోరులో ఆయన పదవి పోయింది; 1946 నుంచి 1949 వరకు దేశాన్ని అంతర్యుద్ధం దహించింది.

ఆ యుద్ధంలో గెలిచిన వామపక్ష వ్యతిరేకుల చేతిలోనే సైన్యం, పోలీసు బలగం ఉండిపోయాయి. 1961 ఎన్నికలను పాలకపక్షం దౌర్జన్యంతో, మోసంతో గెలిచిందని ప్రకటించి, డెబ్బై మూడేళ్ల వయసులో పపాండ్రూ ఊరూరా తిరిగి పోరాటం మొదలుపెట్టారు. నాటి రాజ్యాంగంలో చిట్టచివరిదైన 114వ అధికరణం, రాజ్యాంగ రక్షణను గ్రీకుల దేశభక్తికే అప్పగించింది. విద్యార్థులు ఆ అంకెనే నినాదంగా మార్చుకుని “ఒకటి, ఒకటి, నాలుగు” అంటూ వీధులు దద్దరిల్లజేశారు. 1963 మేలో, థెస్సలొనీకిలో శాంతి సభ ముగించుకుని వస్తున్న పార్లమెంటు సభ్యుడు లంబ్రాకిస్‌ను మూడు చక్రాల బండి మీద వచ్చినవారు కొట్టి చంపడం ప్రజాగ్రహాన్ని ఇంకా పెంచింది.

1964 ఫిబ్రవరిలో దాదాపు 53 శాతం ఓట్లతో పపాండ్రూ నెగ్గారు. ఆయన ప్రభుత్వం నిర్బంధ విద్యను ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్లకు పెంచింది. బడిలో గ్రాంథిక గ్రీకుతో సమానంగా జనం మాట్లాడే భాషకూ చోటిచ్చింది. గ్రాంథిక, వ్యావహారిక వాదాలను చూసిన తెలుగువారికి అది ఎంత పెద్ద అడుగో వేరే చెప్పనక్కరలేదు. అయితే రక్షణశాఖను తన చేతికి తీసుకోవాలన్న ప్రధాని నిర్ణయాన్ని యువరాజుగా నిన్నమొన్నటి దాకా ఉన్న ఇరవై అయిదేళ్ల రాజు కాన్‌స్టంటైన్ కాదన్నాడు. 1965 జులై 15న పపాండ్రూ దిగిపోవలసి వచ్చింది.

మళ్లీ ఎన్నికలు 1967 మే 28న జరగాలి. ఆయనే గెలుస్తారన్న అంచనా బలపడుతుండగా, ఏప్రిల్ 21 తెల్లవారుజామున కర్నల్ పపడోపులోస్ ముఠా ట్యాంకులతో అధికారాన్ని చేజిక్కించుకుంది. తొమ్మిదేళ్ల చదువు మళ్లీ ఆరేళ్లయింది. గృహనిర్బంధాన్ని చవిచూసిన పెద్దాయన మరుసటి ఏడాది నవంబరు 1న కన్నుమూశారు.

ఓటు వేసే అవకాశం దక్కని జనం ఆయన పేటిక వెంట నడిచారు. నినాదాలు చేసిన పలువురిని పోలీసులు అక్కడికక్కడే పట్టుకుపోయారు. ఆగిపోయిన ఆ ఎన్నికలు, పెద్దాయన పోయిన ఆరేళ్లకు, 1974 నవంబరు 17న జరిగాయి.