పేరు మీద పేరు పడితే: ఇంటర్‌ప్రెటర్ చిక్కులపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతలకు నమస్కారం. పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషల ఇంటర్‌ప్రెటర్లలో, అంటే కొట్టిన లైనును అప్పటికప్పుడు నడిపే సాఫ్ట్‌వేర్లలో, వచ్చే పేర్ల గొడవ మీద ఫోన్లు తీసుకుంటున్నాం. కావలి నుంచి ఒక విద్యార్థి లైన్లో ఉన్నారు.

కావలి: నమస్తే సార్. రొయ్యల పట్టుబడి తూకాలు లిస్టులో పెట్టి, కూడిక చేసే సమ్ ఫంక్షన్ కొడితే పొద్దున మొత్తం వచ్చింది. ఇప్పుడు అదే లైనుకు 'ఇంట్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్' అంటోంది. పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించమంటున్నాడు మా ఫ్రెండు.

నిపుణుడు: ఆ పని వద్దు బాబూ. పొద్దుటి నుంచి విండో మూయలేదు కదా? మధ్యలో 'సమ్ ఈక్వల్ టు సున్నా' అని ఎక్కడైనా కొట్టావా?

కావలి: ఆ... ఫర్ లూప్‌లో ఒక్కొక్కటే కూడదామని కొట్టా సార్.

నిపుణుడు: అదే అడ్డం పడింది. ఇప్పుడు సమ్ అంటే ఒక అంకె, అంకెను ఫంక్షన్‌లా పిలవలేమని ఆ ఎర్రర్. పేరు అడిగితే పైథాన్ ముందు నువ్వు పెట్టిన పేర్లలో వెతుకుతుంది. అక్కడ లేకపోతేనే తనతో వచ్చిన పేర్ల దగ్గరికి, అంటే బిల్టిన్‌ల దగ్గరికి పోతుంది. అసలు సమ్ ఎక్కడికీ పోలేదు, నీ సమ్ దాని ముందు నిలబడింది. బ్రాకెట్లు లేకుండా ఉత్త సమ్ అని కొట్టి ఎంటర్ నొక్కు.

కావలి: 1840 అని వచ్చింది.

నిపుణుడు: 'బిల్టిన్ ఫంక్షన్ సమ్' అని రావాల్సిన చోట అంకె వచ్చింది చూశావా? ఆ అంకె కావాలంటే ముందు 'టోటల్ ఈక్వల్ టు సమ్' అని దాచుకో. ఆ తర్వాత పేరును తీసేసే డెల్, స్పేస్, సమ్ కొట్టు.

కావలి: కొట్టా... ఇప్పుడు బిల్టిన్ అనే చూపిస్తోంది సార్!

నిపుణుడు: తూకాల లిస్టు కూడా అట్నే ఉంటుంది. విండో మూసి తెరిచినా సమ్ బాగయ్యేదే గానీ, నువ్వు కొట్టినవన్నీ పోయేవి. డెల్ రెండోసారి కొడితే నేమ్ ఎర్రర్ వస్తుంది, కంగారు పడొద్దు. తీయడానికి నీ పేరు ఇంకేం మిగల్లేదని అర్థం. లిస్ట్, మ్యాక్స్, ఇన్‌పుట్ కూడా పిల్లలు తెలీకుండా వాడేసే పేర్లే.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి లెక్చరర్ గారు.

ఒంగోలు: మా ల్యాబులో ఒక్క సిస్టంలోనే ఇబ్బంది సార్. రాండమ్ అని పైథాన్‌తో వచ్చే మాడ్యూలు, అంటే రెడీమేడ్ ఫంక్షన్ల ఫైలు ఉంది కదా, దాన్ని తెచ్చుకునే 'ఇంపోర్ట్ రాండమ్' నోరెత్తకుండా పోతుంది. తీరా అందులోని రాండింట్ ఫంక్షన్ దగ్గర 'హ్యాజ్ నో యాట్రిబ్యూట్', అంటే అలాంటిది లేదు అని ఆగుతుంది. పక్క సిస్టంలో అదే ప్రోగ్రాం నడుస్తోంది.

నిపుణుడు: అక్కడే కూర్చుని ఉంటే ఇంపోర్ట్ చేశాక రాండమ్, చుక్క, రెండు అండర్‌స్కోర్లు, ఫైల్, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు కొట్టండి, ఏ ఫైలు లోడయిందో చెబుతుంది.

ఒంగోలు: డీ డ్రైవులో మా ప్రాక్టికల్స్ ఫోల్డర్ చూపిస్తోంది.

నిపుణుడు: పైథాన్ ఎక్కించిన చోట ఉండే లిబ్ ఫోల్డర్ చూపించాలి కదా. ఎవరో పిల్లవాడు రాండమ్ ప్రోగ్రాం రాసి, ఫైలుకు కూడా రాండమ్ డాట్ పీవై అనే పేరు పెట్టాడు. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను పైథాన్ అన్నిటికన్నా ముందు చూస్తుంది, అందుకే ఆ ఫైలు దొరికింది. ఆ ఫోల్డర్లో రాండమ్ అని రాయని ప్రోగ్రాం కూడా చెడొచ్చు. టెంప్‌ఫైల్ లాంటి మాడ్యూళ్లు లోపల రాండమ్‌నే పిలుస్తాయి మరి.

ఒంగోలు: ఇందాకే ఆ ఫైలు పేరు మార్చి చూశాను సార్, అయినా అదే ఎర్రర్.

నిపుణుడు: షెల్, అంటే లైన్లు కొట్టే ఆ విండో, మళ్లీ మొదలుపెట్టి ఉండరు. ఒకసారి లోడయిన మాడ్యూలు ఆ సెషన్ అంతా మెమరీలోనే కూర్చుంటుంది. ఇంపోర్ట్ ఎన్నిసార్లు కొట్టినా ఫైలు దగ్గరికి మళ్లీ పోదు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్లో షెల్ మెనూలో రీస్టార్ట్ షెల్ నొక్కండి, కంట్రోల్ ఎఫ్6 అయినా సరే. ల్యాబులో 3.13 గానీ ఆపైది గానీ ఎక్కిస్తే, ఫైలు పేరు మార్చుకోమని ఆ ఎర్రర్లోనే సలహా వస్తుంది. ల్యాబులకు అది మంచి సదుపాయం.

వ్యాఖ్యాత: ఆత్మకూరు నుంచి ఒక శ్రోత, ఆర్ గురించి.

ఆత్మకూరు: మండలాల వర్షపాతం పట్టిక సార్. సెలెక్ట్‌తో రెండు కాలమ్‌లు తీస్తుంటే 'అన్‌యూజ్డ్ ఆర్గ్యుమెంట్స్' అంటోంది. నిన్న బాగానే ఉంది.

నిపుణుడు: ఈరోజు లైబ్రరీ కొట్టి గణాంకాల మాస్ ప్యాకేజీ కొత్తగా ఎక్కించారా అమ్మా, పట్టికల పనికి వాడే డీప్లయర్ ప్యాకేజీ తర్వాత?

ఆత్మకూరు: అవును సార్!

నిపుణుడు: రెండింట్లోనూ సెలెక్ట్ ఉంది. ఆర్‌లో చివర ఎక్కించిన ప్యాకేజీదే పైచేయి. లైబ్రరీ కొట్టినప్పుడు 'మాస్క్‌డ్ ఫ్రమ్', అంటే పాత పేరు మరుగున పడిందని వచ్చి ఉంటుంది, ఎవరూ చదవరు దాన్ని. డీప్లయర్, రెండు కోలన్లు, సెలెక్ట్ అని రాస్తే ఏ వరసలో ఎక్కించినా ఇబ్బంది ఉండదు. ఆర్ 3.6 నుంచి ఇంకో దారి ఉంది: లైబ్రరీ బ్రాకెట్లో మాస్ తర్వాత కామా, 'ఎక్స్‌క్లూడ్ ఈక్వల్ టు', కోట్స్‌లో సెలెక్ట్. పట్టికలో వరసలు ఏరే ఫిల్టర్‌తోనూ జాగ్రత్త. డీప్లయర్ ఎక్కించడం మరిచిపోతే ఆర్‌తో వచ్చిన స్టాట్స్ ఫిల్టర్ అందుకుంటుంది. అది టైమ్ సిరీస్, అంటే కాలక్రమంలో వచ్చే అంకెల పనికి, కాలమ్ పేర్లు దానికి తెలీవు, అందుకే 'ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్' అంటుంది. కావలి అబ్బాయికి వచ్చిన చిక్కు మాత్రం ఇక్కడ రాదు. సమ్‌లో అంకె పెట్టినా, బ్రాకెట్ కనిపిస్తే ఆర్ ఫంక్షన్‌నే వెతుక్కుంటుంది.

వ్యాఖ్యాత: దర్శి నుంచి ఆఖరి కాల్. త్వరగా చెప్పండి.

దర్శి: పైథాన్లో అండర్‌స్కోర్ కొడితే పోయిన జవాబు వచ్చేది సార్. ఇప్పుడు ఏం చేసినా 2 అనే వస్తోంది.

నిపుణుడు: 'ఫర్ అండర్‌స్కోర్ ఇన్ రేంజ్ 3' అని లూప్ నడిపి ఉంటారు. దాని చివరి విలువ అందులోనే ఉండిపోయింది. డెల్ అండర్‌స్కోర్ కొట్టండి, పాత అలవాటు తిరిగొస్తుంది.