పదును రాకుండా రోలర్ కదలదు

నమస్కారం అండి. ఈ రోజు మిమ్మల్ని మా ఊరి క్రికెట్ మైదానానికి తీసుకువచ్చాను. ఇంగ్లాండులోని వూస్టర్ పట్టణానికి దగ్గరగా, సెవెర్న్ నదికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె ఇది. తొమ్మిది రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. వచ్చే శనివారం సీజన్‌లో తొలి మ్యాచ్ ఉంది కాబట్టి, పిచ్ చూసుకునే పెద్దాయనకు సాయంగా మేము నలుగురం ఉదయం ఏడు గంటలకే వచ్చాము.

పిచ్ పొడవు 22 గజాలు, వెడల్పు 10 అడుగులు. అలాంటివి పక్కపక్కనే ఎనిమిది ఉన్న ఈ నడిమి భాగాన్ని స్క్వేర్ అంటారు. దీని పైపొరలో వేసే మట్టిలో బంక పాలు సుమారు 25 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఎండితే బిగుసుకుని బంతిని ఎగరనిచ్చేది ఆ బంకే, తడిస్తే నీటిని వదలకుండా పట్టుకునేదీ అదే. గుంటూరు జిల్లాలోని మా నల్లరేగడి చేను కూడా ఇంతే మొండిది. పదును రాకుండా, అంటే తడి దున్నడానికి తగినంతగా ఆరకుండా, అరక కడితే బెడ్డలు లేస్తాయని, వాన వెలిసిన మర్నాడు మా నాన్నగారు ఎద్దులను కొట్టం దాటనిచ్చేవారు కాదు.

ఇక్కడ అరకకు బదులు టన్ను పైచిలుకు బరువున్న రోలర్ ఉంది. మట్టి సందుల్లో గాలి ఉంటే రోలర్ బరువుకు ఆ సందులు మూసుకుని నేల గట్టిపడుతుంది. కానీ వాటి నిండా నీళ్ళు ఉన్నప్పుడు నీరు అణగదు కనుక, రోలర్ ముందు బురద అలలాగా జరిగి, పైపొర కింది పొర మీద జారి, గడ్డి వేళ్ళు తెగిపోతాయి. తర్వాత ఎండ కాసినా పైన పెచ్చు కట్టి అడుగు మెత్తగానే ఉంటుంది. అలాంటి పిచ్ మీద ఒక బంతి చీలమండకు, మరొకటి గుండెకు వస్తుంది. నిరుడు నేనే తొందరపడి తడి ఔట్‌ఫీల్డులో గడ్డి కోసే యంత్రం నడిపాను. ఆ చక్రాల గాడులు ఆగస్టు దాకా పూడలేదు.

అందుచేత పెద్దాయన ముందుగా బొటనవేలంత మట్టి తీసి అరచేతుల మధ్య దొర్లిస్తారు. చేతికి పూసుకుంటే తడి ఎక్కువ, పొడిగా రాలితే ఆలస్యమైంది, చపాతీ ముద్దలా నిలిస్తే రోలర్‌కు వేళ అయింది. ఈ రోజు అది చేతికి పూసుకుంది.

పిచ్ తడవకుండా కప్పే చక్రాల కవర్లు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. వాటిని రోజుల తరబడి కప్పి ఉంచితే, కింద గాలి ఆడక గడ్డి పసుపుపచ్చగా మారి బూజు తెగులు పడుతుంది. వాన ఆగిన ప్రతి గంటా తీసి, చినుకు పడగానే మళ్ళీ కప్పాలి. కవర్ మీది నీరు స్క్వేర్ అంచున పడకుండా గొట్టంతో దూరంగా మళ్ళించాలి. వానపాములు పైకి తోసిన మట్టి కుప్పలను కూడా ఎండిన తర్వాతే చీపురుతో చెదరగొట్టాలి, తడిగా తొక్కితే అవి బురద మచ్చలై కలుపు మొక్కలకు చోటిస్తాయి. వానపాములను అణచేందుకు వాడిన కార్బెండజిమ్ మందును బ్రిటన్‌లో 2017లో ఆపేశారు.

అన్నింటికన్నా నాకు భయం నది పొంగు. వరద తీసేటప్పుడు గడ్డి మీద సన్నని ఒండ్రు వదిలి పోతుంది. మా చేలకు ఒండ్రు బలమే కానీ, ఇక్కడ అది ఆరితే నీరు ఇంకకుండా పొర కడుతుంది, కాబట్టి పచ్చిగా ఉండగానే నీళ్ళు చల్లి కడిగేయాలి. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు ఇంగ్లాండులో ఏ 18 నెలల్లోనూ నమోదు కానంత వర్షం కురిసింది. ఆ వరదల వల్లనే మా కౌంటీ (జిల్లా) జట్టు వూస్టర్‌షైర్ 2024 ఏప్రిల్‌లో తన న్యూ రోడ్ మైదానాన్ని వదిలి కిడ్డర్‌మిన్‌స్టర్‌లో ఆడవలసి వచ్చింది. జీతగాళ్ళూ యంత్రాలూ ఉన్న కౌంటీ జట్టుకే అలా జరిగితే, చందాలతో నడిచే మా క్లబ్బు సంగతి చెప్పనక్కరలేదు.

మా కెప్టెన్ మాత్రం ఉదయం నుంచి మూడుసార్లు ఫోన్ చేసి, రోలర్ ఒక్కసారి తిప్పకూడదా అని అడిగారు. పెద్దాయన బుధవారం సాయంత్రం మళ్ళీ మట్టి ముద్ద చూసి చెబుతానన్నారు. చినుకులు మొదలయ్యాయి, కవర్ రెండో అంచు నేను పట్టుకోవాలి కనుక కెమెరా ఆపుతున్నాను.