తెలిసిన కథ, తెలియని కథ

అందరికీ నమస్కారం.

డాలస్‌కు దక్షిణాన, కారులో గంట కూడా పట్టని దూరంలో వాక్సహాచీ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో వారాంతాలకు అక్కడ స్కార్బరో రినైసాన్స్ ఫెస్టివల్ జరుగుతుంది. 1981లో మొదలైన ఈ తిరునాళ్లలో కాలం ముందుకు కదలదు. ఏటా ఇంగ్లండ్‌లో 1533 సంవత్సరమే. వేషధారుల్లో ఎనిమిదో హెన్రీ రాజు, ఆన్ బొలీన్ రాణి. కమ్మరి కొలిమి, గాజు ఊదేవాళ్లు, డేగలను ఆడించేవాళ్లు, వీళ్లందరి మధ్య నుంచి రాణిగారు నవ్వుతూ నడిచి వస్తారు. జనం వంగి దండం పెడతారు.

నన్ను కదిలించేది ఆ నవ్వు. ఆన్ బొలీన్‌కు కిరీటం పెట్టింది 1533 జూన్ 1న. మూడేళ్లు నిండకుండానే, 1536 మే 19న, భర్త ఆజ్ఞ మీద లండన్ టవర్‌లో ఆమె తల తెగింది. దారి పక్కన నిలబడ్డ మనకు అది తెలుసు. ఆమెకు తెలియదు. గుర్రాల మీద బల్లేల పోటీ జరుగుతుంటే రాజుగారు చప్పట్లు కొడతారు. అదే ఆటలో 1536 జనవరిలో ఆయన గుర్రం మీద నుంచి ఘోరంగా పడబోతున్నాడు. అదీ మనకే తెలుసు.

ఇప్పుడు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే టీవీ సీరియల్ సంగతి. 2011 జూన్ 12న తొమ్మిదో భాగంలో నెడ్ స్టార్క్ తల నరికారు. నవల 1996లోనే వచ్చినా, చదవనివాళ్లు చివరి క్షణం దాకా ఎవరో వచ్చి కాపాడతారనే అనుకున్నారు. కథానాయకుడు మొదటి సీజన్‌లోనే పోతాడని ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత ఏ పాత్రకూ అభయం లేదు. 2019 దాకా సాగిన 73 భాగాలను ఆదివారం ఆదివారం ఎదురుచూస్తూ చూడడమే అసలు సుఖమని నా గట్టి నమ్మకం. ఒక్క రాత్రిలో సీజన్ మొత్తం చూసేవాళ్లకు భయపడే వ్యవధి దొరకదు.

తెలియక పడే ఆదుర్దా ఒకటి, తెలిసి పడే వేదన మరొకటి. రెండోది మనకు కొత్త కాదు. పద్మవ్యూహంలోకి వెళ్లే అభిమన్యుడు తిరిగి రాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చుని వీధి నాటకం చూసిన జనం మనవాళ్లు.

1963లో లాస్ ఏంజెలెస్‌లో ఒక రేడియో కేంద్రానికి నిధుల కోసం ఫిలిస్, రాన్ ప్యాటర్సన్ దంపతులు ఇలాంటి తిరునాళ్లకు శ్రీకారం చుట్టారు. ఫిలిస్ పిల్లలకు నాటకాలు నేర్పిన ఉపాధ్యాయురాలు. ఇక్కడ వేదికకూ ప్రేక్షకులకూ మధ్య గోడ లేదు. అందుకే రాణి మనకు అంత దగ్గరగా వస్తుంది.

ఈ మధ్య కొందరు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తరహాలో భుజాన బొమ్మ డ్రాగన్‌తో ఈ తిరునాళ్లకు వస్తున్నారు. చరిత్రకు అపచారమని గొణిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ సీరియల్‌లో ఉత్తర సరిహద్దు గోడను కాపలా కాసే నైట్స్ వాచ్ సైనికులు కప్పుకున్న వాటిలో కొన్ని ఐకియా తివాచీలను కోసి, రంగు వేసి తయారు చేసినవేనని దుస్తుల రూపకర్త మిషెల్ క్లాప్టన్ స్వయంగా చెప్పారు. ఇంట్లో దుప్పటి కత్తిరించుకుని వచ్చే కుర్రాడు చేసేదీ అదే పని. రానివ్వండి.

వచ్చే వసంతంలో పిల్లల్ని తీసుకెళ్లండి. ఆన్ బొలీన్ కథ వెళ్లే ముందు చెప్పాలా, ఇంటికి వచ్చాక చెప్పాలా అనేది మీ ఇష్టం. నేనైతే ముందే చెబుతాను.