స్పెషల్ నీడ్స్ పిల్లలతో మొదటి క్రూజ్: గాల్వెస్టన్ నుంచి కోజుమెల్, మా రివ్యూ

నమస్కారమండి. ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. ఆటిజం ఉన్న బాబుతో క్రూజ్‌కి వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. మాకైతే థీమ్ పార్కుల కంటే, హోటళ్ల కంటే, చుట్టాల పెళ్లిళ్ల కంటే ఇదే నయం అనిపించింది. కారణం ఒక్కటే: గది మనతోపాటే వస్తుంది. డిన్నర్ మధ్యలో వాడికి విసుగొచ్చినా, డెక్ మీద పాటల హోరు ఎక్కువైనా, లేచి లిఫ్ట్ ఎక్కితే ఐదు నిమిషాల్లో మన మంచం మీద మనం ఉంటాం. ఎండలో పార్కింగ్ దాకా మోసుకెళ్లే పని లేదు, టికెట్ డబ్బులు వృథా అయ్యాయన్న బాధ లేదు.

అయితే ఆ గది ఎక్కడ తీసుకున్నామన్న దాన్నిబట్టే మిగతాదంతా ఉంటుంది. అందుకే ఓడ పేరు పెట్టి స్టార్లు ఇవ్వడం లేదు. ఒకే ఓడలో పైన గది తీసుకున్నవాళ్లు తిట్టుకుంటూ దిగుతారు, కింద గది తీసుకున్నవాళ్లు హాయిగా దిగుతారు. ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు, మా డబ్బులతోనే వెళ్లొచ్చాం.

మేం డాలస్ పక్కన ఉంటాం. బాబుకి ఎనిమిదేళ్లు, మాటలు తక్కువ, ఐప్యాడ్‌లో బొమ్మలు నొక్కి కావలసింది చెప్తాడు. పాప పెద్దది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా మాతో వచ్చారు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి అక్కడి సముద్రతీర రేవు గాల్వెస్టన్ ఒక వరం. కారులో ఐదు గంటల లోపే, ఫ్లైట్ గొడవ లేదు, సామాను ఎంతైనా పట్టుకెళ్లొచ్చు. కార్నివాల్, రాయల్ కరీబియన్ అనే రెండు క్రూజ్ కంపెనీల ఓడలూ అక్కడినుంచి బయల్దేరతాయి. మొదటిసారి ఏడు రాత్రులది వద్దు. మెక్సికో దీవి కోజుమెల్‌లో ఒక్కచోటే ఆగి వచ్చే నాలుగు రాత్రుల ట్రిప్ చాలు. పిల్లాడికి నచ్చకపోతే ఎలాగోలా గట్టెక్కేయొచ్చు.

పోర్టు చూసుకునేటప్పుడు ఒక్క మాట అడగండి: ఓడ రేవుకి ఆనుకుని ఆగుతుందా, లేక చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారా? కోజుమెల్‌లో ఆనుకునే ఆగుతుంది, నడిచి దిగిపోవచ్చు. గ్రాండ్ కేమన్, బెలీజ్ లాంటి చోట్ల పడవల కోసం వరసలో నిలబడాలి. నిలబడటమే కష్టమైన పిల్లలకి అక్కడే సగం ఓపిక అయిపోతుంది. అలాగే జనవరి, ఫిబ్రవరిల్లో గాల్వెస్టన్ కాలువలో పొగమంచు పట్టి ఓడల రాకపోకలు ఆపేస్తుంటారు. టైమ్ మారితే తట్టుకోలేని పిల్లలున్న ఇంట్లో అది మామూలు విషయం కాదు. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల సీజన్. మా లెక్కలో మార్చి చివర, ఏప్రిల్ మేలు. స్ప్రింగ్ బ్రేక్ వారం మాత్రం వదిలేయండి, ఓడంతా పిల్లల సంతలా ఉంటుంది.

ఇక గది. బాల్కనీ తీసుకోవద్దని నా గట్టి సలహా. తలుపుకి పైన గొళ్లెం ఉంటుంది, నిజమే. కానీ కుర్చీ ఎక్కడం వచ్చిన పిల్లాడు, గొళ్లెం తీయడం తెలిసిన పిల్లాడు ఉంటే మనకి రాత్రి నిద్ర పట్టదు. లోపలి గది, అదే ఇంటీరియర్, చవకా, పైగా లైటు తీస్తే కటిక చీకటి. వెలుతురుకి లేచిపోయే పిల్లలు ఇక్కడ పొద్దెక్కేదాకా పడుకుంటారు. ఓడకి మధ్యలో, కింది డెక్కుల్లో, పైనా కిందా కూడా గదులే ఉన్నచోట తీసుకోండి. ఊపు తక్కువ, చప్పుడు తక్కువ. పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడుస్తున్న శబ్దం, కింద థియేటర్ ఉంటే రాత్రి డ్రమ్స్. బుక్ చేసేముందు డెక్ ప్లాన్ తెరిచి ఆ రెండూ చూసుకోండి.

గది గురించి చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. గోడలూ తలుపూ స్టీలువే, అయస్కాంతం అతుక్కుంటుంది. స్కూల్లో థెరపిస్టు ఇచ్చే బొమ్మల కార్డులు ఉంటాయి కదా, స్నానం, టిఫిన్, ఆట, నిద్ర, అవన్నీ మంచం పక్క గోడకి వరసగా మాగ్నెట్లతో పెట్టాను. ఒక్కో పని అవగానే వాడే కార్డు తీసి కింద పెట్టేవాడు. తలుపుకి బయట వాడికిష్టమైన రైలింజన్ బొమ్మ పెట్టాం. కారిడార్‌లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి మరి. తలుపు లోపలినుంచి హ్యాండిల్ నొక్కితే వచ్చేస్తుంది కాబట్టి, బ్యాటరీతో పనిచేసే చిన్న డోర్ అలారం కొని తీసుకెళ్లండి. పదిహేను ఇరవై డాలర్ల వస్తువు, మొత్తం ట్రిప్‌లో దానంత ప్రశాంతత ఇచ్చింది ఇంకోటి లేదు.

బాత్రూమ్ సంగతి. ఓడలో టాయిలెట్ వాక్యూమ్‌ది, ఫ్లష్ నొక్కితే విమానంలోలాగా ఒక్కసారిగా బుస్సుమంటుంది. శబ్దాలంటే భయపడే పిల్లలు ఒకసారి అది విన్నాక మళ్లీ లోపలికి రారు. వెళ్లేముందు ఇంట్లో ఆ శబ్దం వీడియోల్లో చిన్నగా పెట్టి వినిపించాం. ఓడలో ముందు మూత వేయడం, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టడం, వాణ్ని గుమ్మం దాటించడం, అప్పుడు నొక్కడం. రెండో రోజుకి వాడే నొక్కుతానని గొడవ.

ఇప్పుడు తిండి. మన ఇళ్లలో అసలు టెన్షన్ ఇదే కదా. మావాడు పెరుగన్నం తప్ప ముట్టడు. ఇంట్లో వండిన వంట ఓడలోకి రానివ్వరు. సీలు తీయని ప్యాకెట్ తిండి కొద్దిగా ఒప్పుకుంటారు. రైస్ కుక్కర్, కెటిల్ లాంటివి సెక్యూరిటీలోనే పట్టేసుకుంటారు, నిప్పు భయం. లోపల అన్నానికి కొదవ లేదు. పెద్ద కంపెనీల్లో డిన్నర్‌కి ఇండియన్ వెజిటేరియన్ అడిగితే పెడతారు, మావాళ్లకి పప్పు, కూర, చపాతీ బాగానే దొరికాయి. చిక్కల్లా పెరుగుతోనే. టిఫిన్ బఫేలో ఉండేవి ఎక్కువగా తీపి పెరుగులు. ఉప్పూ పంచదారా లేని ప్లెయిన్ పెరుగు అడిగి తెప్పించుకున్నా అది జిగురుగా ఉంది, వాసన వేరు. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే బయటికి తీసేశాడు.

అత్తయ్యగారు చూసి, "అమ్మాయ్, వేడి పాలు దొరుకుతాయేమో కనుక్కో" అన్నారు. కాఫీ దగ్గర ఉన్న అబ్బాయిని అడిగితే స్టీలు ఫ్లాస్కు నిండా వేడి పాలు పోసిచ్చాడు. గోరువెచ్చగా అయ్యేదాకా మూత తీసిపెట్టి, ఆ ప్లెయిన్ పెరుగే ఒక చెంచా వేసి, మూత బిగించి, టవల్ చుట్టి బీరువాలో పెట్టారావిడ. పొద్దున్నకి గడ్డ పెరుగు తోడుకుంది. మరీ కమ్మగా కాదు గానీ, ఇంటి పెరుగు వాసన వచ్చింది. అన్నంలో కలిపి ఉప్పు వేసిస్తే ప్లేటు ఖాళీ. ఇక అక్కడినుంచి రోజూ రాత్రి ఫ్లాస్కు పని ఆవిడదే. స్టీలు ఫ్లాస్కు మర్చిపోకండి, నేను చెప్పే లిస్టులో మొదటిది అదే.

కిడ్స్ క్లబ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక ట్రావెల్ ఏజెంట్ నాతో "పిల్లాణ్ని క్లబ్‌లో వదిలేయండి మేడమ్, అంతా వాళ్లే చూసుకుంటారు" అన్నారు. అలా ఏమీ ఉండదు. ఒక పిల్లాడికి ఒక మనిషిని కేటాయించడం ఈ క్లబ్బుల్లో లేదు. మూడు నుంచి పదకొండేళ్ల పిల్లల్ని వయసుని కాకుండా తెలివిడిని బట్టి గ్రూపులో వేసే వెసులుబాటు రాయల్ కరీబియన్‌లో ఉంది, డైపర్ ఉంటే మాత్రం తీసుకోరు. కార్నివాల్‌లో రెండేళ్ల నుంచే చేర్చుకుంటారు. ఆ కంపెనీ కల్చర్ సిటీ అనే సంస్థతో కలిసి సిబ్బందికి ట్రైనింగ్ ఇప్పించింది, చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు, చేతిలో తిప్పుకునే బొమ్మలు ఉన్న సెన్సరీ బ్యాగులు ఓడలో ఇస్తారు. మనిషి సాయం కచ్చితంగా కావాలంటే ఆటిజం ఆన్ ద సీస్ అనే సంస్థ ఉంది. వాళ్లు తమ స్టాఫ్‌ని వెంటబెట్టుకుని గ్రూపులుగా తీసుకెళ్తారు, ఖర్చు దానికి తగ్గట్టే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ బాగా అలిసిపోయి ఉన్న ఇంటికి నేను అదే చెప్తాను.

పూల్ విషయం ముందే తెలుసుకుని వెళ్లండి, అక్కడికెళ్లాక ఏడవడం కంటే. డైపర్ వేసుకునే పిల్లల్ని, స్విమ్ డైపర్ అయినా సరే, వయసెంతైనా సరే, పూల్‌లోకి దిగనివ్వరు. అమెరికా ఆరోగ్య శాఖ నిబంధన అది, సిబ్బందితో వాదించి లాభం లేదు. కొన్ని ఓడల్లో డైపర్ పిల్లలకి విడిగా నీళ్లు చిమ్మే చోటు ఉంటుంది. నీళ్లే ప్రాణమైన పిల్లాడికి ఇంకా టాయిలెట్ అలవాటు కాకపోతే ఓడని ఆ ఒక్క కారణం చూసి ఎంచుకోండి.

బుకింగ్ అయిన వెంటనే కంపెనీలో ప్రత్యేక అవసరాలు చూసే యాక్సెస్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి స్పెషల్ నీడ్స్ ఫారం నింపండి. కనీసం నెల రోజుల ముందు. త్వరగా ఎక్కించడం, డైనింగ్‌లో మూల టేబుల్, తిండి అవసరాలు, అన్నీ అందులోనే రాయాలి. ఫోన్లో ఒప్పుకున్నవి ఈమెయిల్‌లో కూడా తెప్పించుకుని ప్రింట్ పట్టుకెళ్లండి. టెర్మినల్‌లో ఉండే మనిషికి మన ఫోన్ కాల్ సంగతి తెలియదు, కాగితం చూపిస్తే వెంటనే పక్క లైన్‌లోకి పంపేశారు.

ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. ఎవరికీ మినహాయింపు లేదు. ఒకప్పుడు వేలమందిని ఒకేసారి నిలబెట్టేవాళ్లు. 2020 తర్వాత చాలా కంపెనీల్లో పద్ధతి మారింది: ఫోన్లోనో టీవీలోనో వీడియో చూసి, మనకి వీలైనప్పుడు వెళ్లి మన స్టేషన్‌లో, అంటే ప్రమాదమొస్తే మనం చేరాల్సిన చోట, ఓడవాళ్లిచ్చిన గది కార్డు చూపిస్తే సరి. ఎక్కిన వెంటనే జనం బఫే మీద పడే టైమ్‌లో వెళ్లి పూర్తి చేసేయండి. ఎమర్జెన్సీ కూత, ఏడు పొట్టివి ఒక పొడుగు, ఆ సాయంత్రం ఓడంతా వినిపించొచ్చు. హెడ్‌ఫోన్లు మెడలోనే ఉండాలి.

కోజుమెల్ రోజున మా ఆయనా, పాపా బీచ్‌కి వెళ్లారు. బాబూ, నేనూ, అత్తయ్యగారూ దిగలేదు. జనమంతా ఊళ్లోకి పోయాక పూల్ మొత్తం మాదే. వాడు మెట్ల మీద కూర్చుని నీళ్లు కొడుతూనే ఉన్నాడు, ఎవరూ మా వంక తిరిగి చూడలేదు. డబ్బులు పెట్టి ఊరు చూడకుండా ఉండటమేంటని ఎవరైనా అంటే అననివ్వండి.

అన్నట్టు మనవాళ్లకో మాట. ఆరు ఫ్యామిలీలు కలిసి గ్రూప్ బుకింగ్ చేద్దామని వాట్సాప్‌లో మొదలెడతారు కదా, మొదటిసారికి అందులో చేరకండి. డిన్నర్‌కి అందరూ ఒకే టైమ్‌కి రావాలి, ఫోటోలకి నిలబడాలి, మీవాడు కేక పెట్టినప్పుడల్లా పన్నెండు మంది పెద్దలు తలా ఒక సలహా. చూసే జనం పరాయివాళ్లయితే అంత గుచ్చుకోదు.

కాగితాలు, డబ్బులు గబగబా చెప్పేస్తాను. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ, గ్రీన్ కార్డ్ గానీ ఉంటే విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్లు లాయర్‌ని అడగనిదే బుక్ చేయొద్దు. ఇన్సూరెన్స్ మొదటి డిపాజిట్ కట్టిన రెండు వారాల్లోపే కొనండి, పాత జబ్బులు కవర్ కావాలంటే చాలా పాలసీల్లో అలాంటి గడువు పెడతారు. మందులు ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఉండాలి, పెద్ద పెట్టెలు గదికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. వీడియోలన్నీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఐప్యాడ్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడే యాప్ నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో ఇంట్లోనే వైఫై ఆపి చూడండి.

ఇండియాలో క్రూజ్ ఉందా అని హైదరాబాద్, వైజాగ్ నుంచి చూస్తున్నవాళ్లు అడుగుతున్నారు. కార్డీలియా ఎంప్రెస్ ఓడ కొన్ని సీజన్లలో చెన్నై, విశాఖల నుంచి నడిచింది, విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా 2023లో తెరిచారు. అది 1990 నాటి ఓడ, అమెరికా ఓడల కంటే బాగా చిన్నది. అక్కడ కూడా బుకింగ్ ముందు ఇవే ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో వచ్చాకే డబ్బు కట్టండి.

చివరగా దిగే రోజు. అన్నిటికంటే కష్టమైన పొద్దు అదే. గదులు పెందలాడే ఖాళీ చేయించి, జనమంతా మెట్ల దగ్గర పెట్టెలతో నిలబడతారు. ముందురోజు రాత్రే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి మా పరిస్థితి చెప్తే, మొదటి గ్రూపులో దింపారు. పెట్టెలు రాత్రి బయట పెట్టకుండా మనమే మోసుకుంటే ఇంకా త్వరగా బయటపడొచ్చు.

కామెంట్‌లో ప్రశ్న అడిగేటప్పుడు మూడు సంగతులు రాయండి: పిల్లాడి వయసు, డైపర్ ఉందా లేదా, ఏ శబ్దానికి భయపడతాడు. అవి తెలిస్తే ఏ డెక్‌లో గది చూసుకోవాలో జవాబిస్తాను.