గవర్నర్ ఉత్తరం, గుమాస్తా జాబితా: రోమన్ లోకంలో క్రైస్తవం ఎలా పాకింది?

[తెరపై: నల్ల సముద్రం దక్షిణ తీరం మ్యాప్. బిథినియా–పొంటస్ అనే పేరు వెలుగుతుంది.]

క్రీస్తు శకం 112 ప్రాంతం. ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలో, నల్ల సముద్రం ఒడ్డున బిథినియా–పొంటస్ అనే రోమన్ రాష్ట్రం ఉండేది. గవర్నర్ పేరు ప్లినీ. లాయరు, బాగా చదువుకున్నవాడు. ఏ చిక్కు వచ్చినా ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాసి సలహా అడిగేవాడు.

ఈసారి ఉత్తరంలో ఆయన రాసింది చూడండి. గుళ్లు దాదాపు ఖాళీ అయిపోయాయట. బలి ఇచ్చిన జంతువుల మాంసం కొనేవాళ్లే కరువయ్యారట. క్రైస్తవం అనే ఈ కొత్త నమ్మకం పట్నాలకే కాదు, పల్లెలకూ, పొలాల మధ్య ఇళ్లకూ పాకిందట. అన్ని వయసులవాళ్లూ, అన్ని అంతస్తులవాళ్లూ, ఆడా మగా అందరూ ఉన్నారట. తాను క్రైస్తవులను పట్టుకోవడం మొదలుపెట్టాక పరిస్థితి మళ్లీ దారికొస్తోందని కూడా చెప్పుకున్నాడు.

యేసు సిలువ మీద చనిపోయి అప్పటికి 80 ఏళ్లే. ఆ మనుషులకు సైన్యం లేదు, రాజు లేడు, చెప్పుకోవడానికి ఒక గుడైనా లేదు. మరి అంత దూరం ఎలా వెళ్లింది?

[తెరపై: 312, 313, 380 సంవత్సరాలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

చాలామంది చెప్పే జవాబు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి. 312లో రోమ్ దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచాడు, 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చాడు, 380లో థియోడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్నే సామ్రాజ్య మతంగా నిలబెట్టాడు. ఇవన్నీ నిజాలే. ఆ తర్వాత పాత దేవుళ్ల బలులను చట్టంతో ఆపారు, గుళ్లు మూయించారు, కొన్నింటిని కూలగొట్టారు. ఆ కథలో అధికారం ఉంది, దెబ్బ తిన్నవాళ్ల బాధా ఉంది. దాన్ని దాచకూడదు. కానీ అదంతా ప్లినీ ఉత్తరానికి 200 ఏళ్ల తర్వాతి మాట. నన్ను పట్టి లాగేది ఆ ముందు 200 ఏళ్లు. వాటిని క్రైస్తవుల మాటల్లో కన్నా, వాళ్లను వెంటాడిన అధికారుల కాగితాల్లో చూస్తే ఇంకా బాగా నమ్మబుద్ధి అవుతుంది.

[తెరపై: తెల్లవారకముందు ఒక ఇల్లు. కిటికీలో దీపం.]

మళ్లీ ప్లినీ దగ్గరికి వద్దాం. అనుమానితులను మూడుసార్లు అడిగేవాడు: నువ్వు క్రైస్తవుడివా? అవునని పట్టుబట్టినవాళ్లను చంపించాడు. కాదన్నవాళ్లు దేవుళ్లను పిలిచి, చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేసి, ద్రాక్షారసం పోసి, క్రీస్తును తిట్టాలి. ఒకప్పుడు క్రైస్తవులమే, ఇప్పుడు మానేశాం అన్నవాళ్లను కూర్చోబెట్టి, అసలు మీరు ఏం చేసేవాళ్లని అడిగాడు. వాళ్లు చెప్పింది ఇదే. ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కలుస్తాం. క్రీస్తును దేవుడిగా ఎంచి, ఒకరి తర్వాత ఒకరం పాట పాడతాం. దొంగతనం చేయం, వ్యభిచారం చేయం, ఇచ్చిన మాట తప్పం, ఎవరైనా దాచుకోమని ఇచ్చిన సొమ్మును లేదనం అని ఒట్టు పెట్టుకుంటాం. తర్వాత ఎవరి దారిన వాళ్లం వెళ్లి, మళ్లీ కలిసి భోంచేస్తాం. మామూలు భోజనమే.

ప్లినీకి నమ్మకం కుదరలేదు. ఇద్దరు ఆడ బానిసలను చిత్రహింస పెట్టించాడు. వాళ్లను ఆ గుంపులో 'మినిస్ట్రే' అంటారని రాశాడు. అంటే పరిచారకురాళ్లు. తెలుగు బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివర ఫీబే అనే ఆమెను పిలిచే మాటా అదే: సంఘ పరిచారకురాలు. ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. రోమన్ చట్టం దృష్టిలో బానిస అంటే ఒక వస్తువు. ఆ వస్తువుకు ఈ గుంపు ఒక బాధ్యత ఇచ్చింది, ఒక పేరు ఇచ్చింది. ఆ ఇద్దరి సొంత పేర్లు మాత్రం ప్లినీ రాయలేదు.

[తెరపై: రోమన్ రోడ్లు, ఓడదారులు.]

దారుల సంగతి చాలామందికి తెలిసిందే. మంచి రోడ్లు, మధ్యధరా సముద్రంలో ఓడలు, తూర్పంతా నడిచే గ్రీకు భాష, చాలా పెద్ద పట్నాల్లో యూదుల సమాజ మందిరాలు. అకుల, ప్రిస్కిల్ల అనే యూదు దంపతులనే తీసుకోండి. క్లాడియస్ చక్రవర్తి యూదులను రోమ్ నుంచి వెళ్లగొడితే కొరింథుకు వచ్చి డేరాలు కుట్టుకుని బతికారు. పౌలూ అదే పని తెలిసినవాడు, వాళ్లింట్లోనే దిగాడు. వార్త ఇలా పనివాళ్ల వెంట, పని ముట్లతో పాటే నడిచింది.

వచ్చినవాళ్లు ఎందుకు ఉండిపోయారన్నదే అసలు ప్రశ్న. 251 ప్రాంతంలో రోమ్ సంఘ అధ్యక్షుడు కొర్నేలియస్ రాసిన ఒక ఉత్తరంలో లెక్కలున్నాయి. 46 మంది పెద్దలు, ఏడుగురు పరిచారకులు, ఇంకా ఇతర సేవకులు. వీళ్లతో పాటు సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, దిక్కులేనివాళ్లు 1,500 మందికి పైనే! రోమ్‌లో ఉచిత ధాన్యం ఉండేది, కానీ అది పేదరికం చూసి ఇచ్చేది కాదు, జాబితాలో పేరున్న పౌరులకు ఇచ్చేది. భర్త పోయిన పరాయి ఊరి ఆడమనిషికి ఆ జాబితాలో చోటెక్కడ?

అదే కాలంలో పెద్ద తెగులు సామ్రాజ్యాన్ని ఊపేసింది. మావాళ్లు రోగుల పక్కనే ఉండి సేవ చేసి, వాళ్లతో పాటే చనిపోయారని అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ రాశాడు. తనవాళ్ల గురించి తాను రాసుకున్న మాట కాబట్టి కొంచెం తగ్గించి చదవాలి. అయినా జ్వరంలో గుక్కెడు నీళ్లు పట్టే చెయ్యి ఉంటే కొందరైనా బతుకుతారు. బతికినవాళ్లు ఆ చేతిని మరిచిపోరు.

[తెరపై: చిరిగిన పపైరస్ ముక్క.]

250లో డెసియస్ చక్రవర్తి, అందరూ దేవుళ్లకు బలి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలన్నాడు. ఈజిప్టు ఇసుకలో అలాంటివి నలభైకి పైగా దొరికాయి. ఒకటి ఆరేలియా అమ్మోనూస్ అనే ఆమెది. ఆమె మొసలి దేవుడు పెటెసూఖోస్ పూజారిణి! పూజారిణి కూడా నేను పూజ చేశానని కాగితం తెచ్చుకోవాల్సి వచ్చిందంటే ఆ హుకుం ఎంత విస్తారమో అర్థమవుతుంది. భయపడి చాలామంది క్రైస్తవులు బలి ఇచ్చారు. కొందరు లంచమిచ్చి కాగితం కొన్నారు. హింస సద్దుమణిగాక వాళ్లలో ఎంతోమంది ఏడుస్తూ తిరిగొచ్చారు.

[తెరపై: ఉత్తర ఆఫ్రికా. కిర్తా పట్నం, ఇప్పటి అల్జీరియా.]

303లో డయోక్లీషియన్ చక్రవర్తి చర్చిలు కూల్చమని, గ్రంథాలు తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. మే 19న కిర్తా పట్నంలో అధికారులు క్రైస్తవులు కలుసుకునే ఇంట్లోకి వచ్చారు. గుమాస్తా దొరికిన ప్రతి వస్తువూ రాసుకున్నాడు. ఆ జాబితా నేటికీ మిగిలి ఉంది.

బంగారు గిన్నెలు రెండు, వెండి గిన్నెలు ఆరు. ఇత్తడి దీపాలు. తర్వాత వరస చూడండి: ఆడవాళ్ల అంగీలు 82. మేలిముసుగులు 38. మగవాళ్ల అంగీలు 16. మగవాళ్ల చెప్పులు 13 జతలు. ఆడవాళ్ల చెప్పులు 47 జతలు.

ఇవి పేదలకు పంచడానికి దాచినవని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. మగవాళ్ల చెప్పులకు మూడింతలు పైగా ఆడవాళ్ల చెప్పులు ఎందుకున్నాయో, రోమ్ విధవరాండ్ర లెక్క గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది.

అధికారులు పుస్తకాల గదికి వెళ్లారు. అల్మరాలు ఖాళీగా ఉన్నాయి. చివరికి భోజనాల గదిలోకి వెళ్లారు. అక్కడ నాలుగు పెద్ద జాడీలు, ఆరు కుండలు దొరికాయి. గుమాస్తా వాటినీ రాసుకున్నాడు.